నార్వే బ్యాంకుల బాండ్ల బాకీ: ముందు ఆ నోట్ తిప్పండి

నార్వే బ్యాంకుల వార్షిక నివేదికలు చూసేవాళ్లు చాలామంది బ్యాలెన్స్ షీట్‌లో "వెర్దిపపీర్‌యెల్" (బాండ్ల లాంటి పత్రాల రూపంలోని అప్పు) అన్న ఒక్క లైను చూసి, పోయినేడాదితో పోల్చి, బ్యాంకు ఇంత కొత్త అప్పు చేసిందని తేల్చేస్తారు. నాకు ఇది నచ్చదు. ఆ అంకె బ్యాంకు జారీ చేసిన బాండ్లలో, ఏడాదిలోపు గడువున్న సర్టిఫికెట్లలో ఇంకా తీర్చాల్సి ఉన్న బాకీ మాత్రమే, అది ఎందుకు మారిందో తెలియాలంటే నివేదిక వెనక ఆ లైనుకు వివరాలిచ్చే నోట్‌కి వెళ్లాల్సిందే.

అక్కడ చిన్న టేబుల్ ఉంటుంది. ఒక చివర పోయిన డిసెంబర్ 31 నాటి బాకీ, ఇంకో చివర ఈ డిసెంబర్ 31 నాటిది, మధ్యలో ఈ ఏడాది జారీ చేసింది, గడువు తీరిందీ వెనక్కి కొన్నదీ, ఆపైన "ఇతర మార్పులు". నేను ముందు చూసేది ఈ "ఇతర మార్పులు" గడినే, మారకపు రేటు వల్ల వచ్చే తేడా పడేది అక్కడే.

50 కోట్ల యూరోల బాండు ఒకటి ఉందనుకోండి. యూరో 10 క్రోనర్లు (నార్వే కరెన్సీ) ఉన్నప్పుడు అది 500 కోట్ల క్రోనర్ల బాకీ, 12 అయితే 600 కోట్లు. కొత్తగా ఒక్క బాండు కూడా అమ్మకుండానే 100 కోట్లు పెరిగిపోయింది! 2020 మార్చిలో కరోనా భయం, చమురు ధర పతనం ఒకేసారి మీదపడి నిజంగానే యూరో 12 క్రోనర్లు దాటింది. మామూలుగా బ్యాంకులు మారకపు రేటు దెబ్బ తగలకుండా ముందే కరెన్సీ స్వాప్‌లు అనే ఒప్పందాలు చేసుకుని ఉంటాయి కాబట్టి ఈ పెరుగుదల చాలావరకు పూడిపోతుంది, కాకపోతే స్వాప్‌ల మీద వచ్చే ఆ లాభం ఆస్తుల వైపు డెరివేటివ్స్ (ఇలాంటి ఒప్పందాల) లైనులో కూర్చుంటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే టెన్షన్ తగ్గుతుంది.

బ్యాంకు తన బాండ్లను తానే వెనక్కి కొంటే అవి బాకీలోంచి తీసేస్తారు. 200 కోట్లు జారీ చేసి 30 కోట్లు కొనేస్తే మిగిలింది 170.

గ్రూపు లెక్కల్లో, అంటే బ్యాంకునీ దాని అనుబంధ కంపెనీలనీ కలిపి చూపే లెక్కల్లో, ఇంకో మెలిక ఉంది. 2007 నుంచి నార్వేలో ఇళ్ల లోన్ల పూచీ మీద ఓఎంఎఫ్ అనే బాండ్లు జారీ చేస్తున్నారు, అది కూడా బ్యాంకు నేరుగా కాదు, డీఎన్‌బీ బ్యాంకుకు చెందిన డీఎన్‌బీ బోలిగ్‌క్రెడిట్ లాంటి విడి కంపెనీలు చేస్తాయి. ఆ బాండ్లలో కొన్ని మాతృ బ్యాంకే తన దగ్గర ఉంచుకుంటే, కంపెనీ సొంత లెక్కల్లో అవి బాకీగానే కనిపిస్తాయి, గ్రూపు లెక్కల్లో మాత్రం మాయమవుతాయి. రెండు నివేదికల అంకెలు కలవకపోతే కంగారుపడకుండా, మాతృ బ్యాంకు చేతిలో ఎన్ని ఉన్నాయో ముందు వెతకండి.