అమ్మానాన్నలకు మొదటిసారి ఫేస్‌బుక్ పెట్టిస్తుంటే

ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచండి, సగం చిరాకు అక్కడే పోతుంది. ఖాతా వాళ్ల నంబరుతోనే తెరవాలి. మీ నంబరు ఇస్తే ఓటీపీ మీకొస్తుంది, వాళ్లేమో మీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. పాస్‌వర్డ్ డైరీలో రాసుకుంటామంటే రాసుకోనివ్వండి. ఫ్రెండ్స్ కానివాళ్లకు ఫొటోలు, పోస్టులు కనిపించకుండా ప్రొఫైల్ లాక్ చేయడం మాత్రం మరిచిపోవద్దు.

అసలు తికమకంతా కామెంట్ దగ్గరే. "మోకాళ్ల నొప్పి తగ్గిందా వదినా?" అని ఆవిడ ఫొటో కింద రాసేస్తారు, ఊరంతా చదువుతుంది! ఒక్కరికే విడిగా రాసే మెసెంజర్ వేరని నోటితో చెబితే ఎక్కదు, వాళ్ల వేలితోనే రెండుమూడుసార్లు నొక్కించాలి.

ఇప్పటికే ఫ్రెండ్‌గా ఉన్నవాళ్ల పేరుతో మళ్లీ రిక్వెస్ట్ వస్తే అనుమానించాల్సిందే. ఫొటో కాపీ కొట్టి నకిలీ ఖాతా తెరిచి, "అర్జెంటుగా డబ్బు పంపు" అంటారు. ముందు ఆ మనిషికే ఫోన్ చేయమనండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.