రన్ అంటే పరిగెత్తడం ఒక్కటేనా?

రన్ అంటే పరిగెత్తడం అని చిన్నప్పుడు బట్టీపట్టి అక్కడే ఆగిపోయినవాళ్లు మనలో చాలామంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ వాళ్లు 2011లో ఈ మాటను తిరగరాసేసరికి ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి, 1989 నాటి కూర్పులో అన్నిటికంటే పొడుగ్గా ఉండిన 'సెట్' కూడా దీని వెనక్కి పోయింది. అన్నీ ఎవరు నేర్చుకుంటారు గానీ, రన్ అయ్యేది ఏదో ముందు చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ముక్కు అయితే కారుతోంది, మోటార్ అయితే ఆడుతోంది, అంగడి అయితే ఎవరో నడుపుతున్నారు, ఉతికిన చీరలో రంగు అయితే దిగిపోయింది.

డీఎస్సీకి చదువుతున్న మా అక్క కూతురికి మాత్రం పెన్న దగ్గర చిక్కొచ్చింది. "పెన్న అనంతపురం జిల్లాలో రన్ అవుతుందని రాసినారు మామా, మొన్న తాడిపత్రిలో చూస్తే అంతా ఇసకే కదా!" అంది. అడగాల్సిన ప్రశ్నే. నది, రోడ్డు, గోడ, కరెంటు తీగ, ఇట్లాంటివి ఎటునుంచి ఎటు పోతాయో చెప్పడానికి కూడా ఇంగ్లీషులో రన్ అనే అంటారు, అక్కడ కదలికతో పనిలేదు, చుక్క నీళ్లు లేకపోయినా ఆ వాక్యం తప్పు కాదు. మనం అట్లా అనం. పెన్న తాడిపత్రి మీదుగా పోతుంది అంటే దారి, పెన్న పారుతోంది అంటే నీళ్లొచ్చాయని, ఆ మాట వింటే ఊరంతా చూడ్డానికి పోతుంది.

ఇంకోటి, "రన్నింగ్ బస్సు ఎక్కొద్దు" అని మనం రోజూ అంటాం. ఇంగ్లీషువాడికి కదులుతున్న బస్సు మూవింగ్ బస్సు. బస్సు రన్ అవుతోందంటే ఆ రూట్లో తిరుగుతోందనో, నిలబడి ఉన్నా ఇంజన్ ఆన్‌లో ఉందనో అనుకుంటాడు. ఎలక్షన్‌లో అయితే ఇంకా తమాషా, అమెరికావాడు రన్ అవుతాడు, బ్రిటిష్‌వాడు స్టాండ్ అంటాడు, అంటే మనలాగే నిలబడతాడు.

పరీక్షలకు పోయేవాళ్లు అర్థాలకంటే రూపాల దగ్గరే ఎక్కువ జాగ్రత్తపడాలి. రన్, ర్యాన్, రన్. కమ్, కేమ్, కమ్ ఎట్లాగో ఇదీ అట్లాగే, మూడోది మళ్లీ మొదటిదే. 'హ్యాజ్ ర్యాన్' అని రాస్తే మార్కు పోతుంది, 'హ్యాజ్ రన్' అనే రాయాలి.