పక్కింటి సైనికుడి అర్జీ
మా పక్కింటి అమెరికా మాజీ సైనికుడు 2012లో గంజాయి వాడి, ‘అదర్ దేన్ ఆనరబుల్’ (గౌరవప్రదం కాని విడుదల) అన్న ముద్రతో సైన్యం నుంచి బయటికి వచ్చాడు. ఆ ముద్రను మార్చమని కోరే డీడీ 293 ఫారం నింపడానికి ఈ మధ్య అతనికి సాయపడ్డాను. విడుదలైన 15 ఏళ్లలోపైతే డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు, ఆ గడువు దాటితే డీడీ 149తో రికార్డుల సవరణ బోర్డుకు అర్జీ పెట్టుకోవాలి.

అతని తొలి ముసాయిదా నిండా పై అధికారుల మీద కోపమే ఉండటంతో, నేను మొహమాటపడకుండా చాలావరకు కొట్టేయించాను. యుద్ధం మిగిల్చిన మానసిక గాయం తప్పుకు దారితీసిందని చెప్పే అర్జీలను ఉదారంగా పరిశీలించాలని రక్షణ శాఖ 2017లో స్పష్టం చేసింది కనుక, వైద్యుల పత్రాలే ముందుండాలని నా పట్టు. రికార్డులు చూస్తే చాలా, విచారణకు హాజరవుతారా అని ఫారం అడుగుతుంది. హాజరవుతానని అతను గీత పెట్టాడు.