వెనక చక్రాల డ్రైవ్ స్పోర్ట్స్ కారు: తిరిగొచ్చే చప్పుళ్ల మూలం పట్టుకున్న తీరు

ముందు ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి బలం తీసుకెళ్లే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్, ఆ బలాన్ని వెనక చక్రాలకు పంచుతూ ఒకటే ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ, పొట్టిగా డిఫ్). చప్పుళ్లు మూడు. రివర్స్ నుంచి మొదటి గేరుకు మారి కదలగానే ఒక్క ‘టక్’. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే వెనక ‘ధడ్’. 80 కి.మీ. వేగం దాటాక సన్నని ఊళ. మూడింటికీ అంతకుముందే ఏదో ఒక రిపేరు జరిగింది, మూడూ తిరిగొచ్చాయి. తిరిగొచ్చే చప్పుడు విషయంలో నేను గట్టిగా నమ్మేది ఇది: పాడైన భాగం మార్చారు, దాన్ని పాడుచేసింది మాత్రం కారులోనే ఉంది. అందుకే స్పానర్ పట్టే ముందు రోడ్డు మీదే ఎక్కువ పని పెట్టుకున్నాను.

డ్రైవ్‌లైన్‌లో, అంటే ఇంజన్ నుంచి చక్రాల దాకా బలం వెళ్లే దారిలో, వచ్చే ఏ చప్పుడైనా ఇంజన్ వేగం, షాఫ్ట్ వేగం, చక్రం వేగం, ఈ మూడింటిలో ఒకదాని వెంట నడుస్తుంది. ఏదో తేలితే సగం కారును పక్కన పెట్టేయొచ్చు. ఊళ వినిపించే వేగంలోనే ఉంటూ 4, 5, 6 గేర్లు మార్చాను. ఆర్‌పీఎం మారినా ఊళ స్వరం మారలేదు కాబట్టి క్లచ్, ఫ్లైవీల్, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ కావు. ఈ గేర్‌బాక్స్‌లో 5వ గేరు నిష్పత్తి 1:1. అందులో బలం లేషాఫ్ట్ (పక్కన సమాంతరంగా ఉండే గేర్ల షాఫ్ట్) మీదుగా పోకుండా నేరుగా అవుట్‌పుట్ షాఫ్ట్‌కి వెళ్తుంది. లేషాఫ్ట్ బేరింగ్ అరిగి ఉంటే 5లో మోత బాగా తగ్గాలి, తగ్గలేదు. ఖాళీ రోడ్డు మీద ఇంజన్ ఆన్‌లోనే ఉంచి కాసేపు న్యూట్రల్ చేస్తే ఊళ దాదాపు పోయింది. టైర్లు, హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగులు అలా కాదు, బలం ఉన్నా లేకపోయినా మోగుతాయి. అయినా కారును మెల్లగా ఎడమకూ కుడికీ మళ్లించి చూశాను. హబ్ బేరింగ్ అయితే బరువు పడ్డ వైపు మోత పెరుగుతుంది. ఇక్కడ తేడా ఏమీ లేదు.

చెవి పొరబడుతుంది, లెక్క పొరబడదు. 225/45 ఆర్17 టైరు చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు. 80 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు 11 చుట్లు తిరుగుతుంది. డిఫ్‌లో షాఫ్ట్ తిప్పే చిన్న గేరు పినియన్‌కి 11 పళ్లు, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్‌కి 43 ఉన్నాయి కాబట్టి షాఫ్ట్ సెకనుకు దాదాపు 44 చుట్లు. చక్రం బ్యాలెన్స్ లోపం 11 హెర్ట్జ్ దగ్గర, షాఫ్ట్ బ్యాలెన్స్ లోపం 44 దగ్గర కనిపిస్తుంది. షాఫ్ట్‌ను వంగనిచ్చే క్రాస్ జాయింట్ కోణం తేడా చుట్టుకు రెండుసార్లు కొడుతుంది గనక 87 దగ్గర. క్రౌన్, పినియన్ పళ్ల కలయిక 480 దగ్గర. పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి, ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ తెరిపిస్తే 80లో గీత సరిగ్గా 480 దగ్గర లేచింది, 100లో 600కి జరిగింది. ఊళ డిఫరెన్షియల్‌దే.

దాన్ని విప్పే ముందు చిన్నవి ముగించాను. ‘టక్’ దిశ మారినప్పుడు ఒక్కసారే వస్తుంది, మళ్లీ దిశ మారేదాకా రాదు. ఇలాంటి చప్పుడుకు రెండే ప్రధాన కారణాలు: బ్రాకెట్‌లో జరిగే బ్రేక్ ప్యాడ్లు, లేదా హబ్ ముఖానికి ఎండిపోయి అతుక్కుని తటాలున జారే యాక్సిల్ షాఫ్ట్ (డిఫ్ నుంచి చక్రానికి వెళ్లేది). బ్రేక్ కొద్దిగా నొక్కిపెట్టి కదిలినా చప్పుడు మారలేదు కాబట్టి ప్యాడ్లు కావు. హబ్ నట్టు తీసి, షాఫ్ట్‌ను లోపలికి నెట్టి, రెండు ముఖాలూ వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, మాలిబ్డినం డైసల్ఫైడ్ గ్రీజు పల్చగా రాశాను. కొత్త నట్టు వేసి మాన్యువల్‌లోని టార్క్‌కి బిగించాను. నట్టు వదులుగా ఉండగా కారును ఒక్క అడుగు కూడా దొర్లించొద్దు. చాలా కార్లలో హబ్ బేరింగ్‌ను పట్టి ఉంచేది ఆ బిగింపే. బరువు పడితే బేరింగ్ అక్కడే దెబ్బతింటుంది.

‘ధడ్’ దగ్గర తొందరపడితే డిఫ్‌ను అనవసరంగా నిందిస్తాం. గేర్ల మధ్య, స్ప్లైన్లలో (షాఫ్ట్ కూర్చునే గాళ్లలో), క్రౌన్‌లో ఉండే సహజమైన ప్లే (వదులు) అంతా కలిసి చక్రం దగ్గర కొన్ని డిగ్రీలు అవుతుంది. అది మామూలే. చూడాల్సింది ఏ ఒక్క జాయింట్‌లోనైనా విడిగా ప్లే ఉందా అని. కారు స్టాండ్ల మీద, ఇంజన్ ఆపి, షాఫ్ట్‌ను రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఒక్కో క్రాస్ దగ్గర వేలు పెట్టి చూశాను. క్రాస్‌లు బాగానే ఉన్నాయి. షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు మాత్రం చిరిగింది. ఈ బేరింగ్ అప్పటికే ఒకసారి మార్చినదే. అసలు కారణం షాఫ్ట్ ముందు వైపు ఉంది: గేర్‌బాక్స్ మౌంట్ కుంగి, షాఫ్ట్ కోణం మారి, ఆ భారమంతా రబ్బరు మోసింది. డిఫ్ ముందు బుష్ (దాన్ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) కూడా చిరిగిందని కెమెరాలో తేలింది. కారు నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, బ్రేక్ గట్టిగా తొక్కి, 1లోనూ రివర్స్‌లోనూ క్లచ్ కొద్దిగా వదిలితే డిఫ్ ముక్కు పైకీ కిందికీ ఊగింది. ఆ పరీక్షలో కారు కింద ఫోన్ మాత్రమే ఉండాలి, మనిషి ఉండకూడదు.

మౌంట్, సెంటర్ బేరింగ్, బుష్ మూడూ ఒకేసారి మార్చాను. బుష్ రబ్బరుదే వేశాను. పాలీయురేథేన్ వేస్తే ధడ్ పోయినా ఊళ రెట్టింపుగా లోపలికొస్తుంది. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్‌ల (బోల్టులతో కలిపే పళ్లాల) మీదా, రెండు ముక్కల కలయిక దగ్గరా పెయింట్ గీతలు పెట్టుకోవాలి. తప్పు పంటిలో కూర్చుంటే ఇదివరకు లేని వణుకు పుడుతుంది.

ఇక ఊళ. పినియన్ ఆయిల్ సీల్ కారితే ఒక వర్క్‌షాప్‌లో మార్చారు. కొన్నాళ్లకు ఊళ మొదలైంది, సీల్ మళ్లీ కారింది. ఈ రెండూ ఒకే రోగం. పినియన్ రెండు బేరింగుల మధ్య నలిగే స్లీవ్ ఉంటుంది. నట్టు బిగింపుతో అది ఎంత నలిగిందన్న దాన్నిబట్టే పినియన్ బేరింగుల ప్రీలోడ్ (ముందస్తు బిగువు) కుదురుతుంది. సీల్ కోసం నట్టు తీసి, పాత గుర్తు లేకుండా అందాజుగా బిగిస్తే ప్రీలోడ్ పోతుంది లేదా మితిమీరుతుంది. వదులైతే పినియన్ కదులుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఊళ పెరుగుతుంది, ఊగే ఫ్లాంజ్ సీల్‌ను తినేస్తుంది. ఫ్లాంజ్‌ను పట్టి పైకీ కిందికీ లాగితే చేతికే ప్లే తెలిసింది. అక్కడ ప్లే అసలు ఉండకూడదు.

హౌసింగ్ దించి, క్రౌన్ తీసి పక్కన పెట్టి, పినియన్ రెండు బేరింగులూ, స్లీవ్, సీల్, నట్టు కొత్తవి వేశాం. స్లీవ్‌ను నలపడానికి 300 న్యూటన్ మీటర్లు దాటొచ్చు, కాబట్టి ఫ్లాంజ్‌ను పొడవాటి కడ్డీతో ఆపాలి. కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ పినియన్‌ను తిప్పడానికి పట్టే టార్క్‌ను కొలుస్తూ మాన్యువల్ విలువకు చేరాలి. దాటితే నట్టు వెనక్కి తిప్పి సరిచేయలేం. నలిగిన స్లీవ్ మళ్లీ పొడవు కాదు, తీసి కొత్తది వేయాల్సిందే. ఈ ఒక్క పనికి ఓపిక లేని చోట డిఫ్‌ను ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం.

క్రౌన్ కూర్చున్నాక డయల్ గేజ్‌తో బ్యాక్‌లాష్ (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య ఖాళీ) చూశాం. చాలా కార్లలో 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉంటుంది. ఒక్క చోట కొలిస్తే చాలదు, క్రౌన్ చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి. పళ్లకు మార్కింగ్ పేస్ట్ పూసి తిప్పితే ముద్ర పంటి మధ్యలో పడింది. ముద్ర పంటి వేరు వైపు లేదా కొన వైపు జరిగితే పినియన్ లోతును నిర్ణయించే షిమ్ (పలచని రింగు) మందం తప్పన్నమాట, ఆ స్థితిలో బేరింగులు ఎన్ని మార్చినా ఊళ పోదు.

డిఫ్‌లో నూనె మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ కంటే ముందు ఫిల్లింగ్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. జీఎల్-5 75డబ్ల్యూ-90 నూనెను రంధ్రం అంచు నుంచి కారేదాకా పోశాను. క్లచ్ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీ కాబట్టి అందులో ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని మెత్తబరిచే పదార్థం) కలిసిన రకమే వాడాను, లేకపోతే నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు ప్లేట్లు కటకటమంటాయి. ప్లేట్లకు బదులు గేర్లతో పనిచేసే టోర్సెన్ రకానికి ఆ మాడిఫయర్ అక్కర్లేదు. మొదటి 800 కి.మీ. పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వకుండా నడిపి నూనె మార్చాను. అయస్కాంతపు ప్లగ్ మీద బూడిదరంగు మెత్తని పేస్ట్ ఉంటే అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే రేకు ముక్క ఒక్కటి కనిపించినా హౌసింగ్ మళ్లీ దించాల్సిందే.