హాజరు పట్టీలో 168 గళ్లు

మా ఇంట్లో ఆరు స్టీలు కంచాలున్నాయి. నేను రిటైరైన రోజు ఊళ్లోవాళ్లు ఇచ్చినవి. ఆరింటి అంచు మీదా నా పేరు, 2003 అని చెక్కి ఉంటుంది. 2019 ఏప్రిల్లో వాటిలో ఒకదాని అడుగున మేకుతో చిన్న గీత గీసి, అది నాదని గుర్తు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. తినగానే నా కంచం నేనే కడిగి గట్టు చివర విడిగా బోర్లించేవాణ్ణి. "ముసలితనంలో పని నేర్చుకున్నాడు మీ నాయన" అని మా ఆవిడ కొడుకుతో అని నవ్వేది.

అప్పటికి దగ్గు మొదలై ఏడెనిమిది వారాలు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లవారుజామున బనీను చెమటతో తడిసిపోయేది. పంచె ఎంత బిగించి కట్టినా జారుతోంది. టౌన్లో ఒక డాక్టరు మూడుసార్లు మందులు మార్చాడు. సిరప్పు, యాంటీబయాటిక్, మళ్లీ సిరప్పు. తెమడ పరీక్ష మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయనకు తట్టలేదేమో గానీ నాకు తట్టింది. వారాల తరబడి తగ్గని దగ్గుకు తెమడ పరీక్ష చేయించుకోవాలని బడి గోడ మీద దగ్గరుండి రాయించినవాణ్ణి నేను.

నాకు చావంటే అంత భయం లేదు. కంచం అంటే భయం.

మా నాయనకు క్షయ. 1957లో, నాకు పన్నెండేళ్లప్పుడు బయటపడింది. చిత్తూరు జిల్లాలో ఆ రోజుల్లో ఆ జబ్బంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియమే. స్ట్రెప్టోమైసిన్ సూదులు, ఐసోనియాజిడ్ మాత్రలు అప్పటికే వచ్చేశాయి. నాలుగు నెలలకు నాయన దగ్గు తగ్గింది, ఒళ్లు చేశాడు. చెనక్కాయలు పీకే రోజులని ఇంటికొచ్చాడు. బాగున్నాను కదా అని మళ్లీ పోలేదు. ఆరు నెలలు తిరక్కుండానే దగ్గు వచ్చేసింది. ఈసారి మంచం పశువుల కొట్టంలో వేశారు. గోడ గూట్లో ఒక సత్తు కంచం. అమ్మ అన్నం పైనుంచి జారవిడిచేది, గంటె కంచానికి తగలకుండా. ఆ అన్నం పడే చప్పుడు నాకిప్పటికీ గుర్తే. నన్ను గడప దాటనిచ్చేవాళ్లు కాదు. బయట కూర్చుని ఆయనకు వినపడేట్టు పాఠం గట్టిగా చదివేవాణ్ణి. 1958లో పోయాడు. పదకొండో రోజు తర్వాత అమ్మ ఆ కంచాన్ని తోటలో పూడ్చేసింది.

టీచరయ్యాక ఎప్పుడో చదివాను. అదే కాలంలో, 1956 నుంచి, మద్రాసులో ఒక పరిశోధన జరిగిందట. కొందరు రోగులను శానటోరియంలో ఉంచి, కొందరిని ఇంట్లోనే ఉంచి ఒకే మందులు ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అలాగే నయమైంది, ఇంట్లోవాళ్లకు దానివల్ల అదనంగా ముప్పేమీ రాలేదు. ఆ ఫలితాలు 1959లో అచ్చయ్యాయి. మేం కంచం పూడ్చిన మరుసటి ఏడు.

నేను 1967లో ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరాను. చెల్లెళ్ల పెళ్లిళ్లు, తమ్ముడి చదువు, తర్వాత నా పిల్లలు. ఒక పీఎఫ్ లోను తీరకముందే ఇంకో లోను. ముప్పై ఆరేళ్లలో ఎన్నిసార్లు జ్వరంతో సైకిలెక్కానో లెక్కలేదు. ఇల్లంతా నా మీద ఆధారపడి ఉంటే మంచం ఎక్కడమేమిటి అనుకునేవాణ్ణి. ఊళ్లో దాన్ని బాధ్యత అనేవాళ్లు. అందులో సగం ఆ కొట్టంలో మంచం భయమేనని నాకొక్కడికే తెలుసు.

జూన్లో ఒక ఉదయం మా ఆవిడ తువ్వాలు ఉతకబోయి ఆగింది. నెత్తుటి చార. నన్నేమీ అడగలేదు. లోపలికెళ్లి కొడుకు చేతిలో బండి తాళం పెట్టి, "మీ నాయన్ని గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకుపో" అంది. అంతే.

తెమడ రెండు డబ్బాల్లో తీసుకున్నారు. సీబీనాట్ అనే మిషను రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో చెప్పేస్తుంది. ఉంది. లొంగుతుంది. దాంతోపాటు షుగరు పరీక్ష, హెచ్ఐవీ పరీక్ష కూడా రాశారు. డెబ్బై నాలుగేళ్ల పంతుల్ని, రెండోది చూసి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. టీబీ అని తేలిన అందరికీ చేస్తారని సిస్టర్ చెప్పాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

డాక్టరమ్మ చిన్న పిల్ల, నా మనవడి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగి రాసుకుంటోంది. నేను కాస్త గొప్పగానే చెప్పాను, రెండు నెలలుగా నా కంచం విడిగా పెట్టుకున్నానని. ఆమె పెన్ను ఆపింది.

"కంచంతో రాదు సార్. మీ గదిలో ఎవరు పడుకుంటారు?"

"మనవరాలు. నాలుగేళ్లు. కథ చెప్పందే నిద్రపోదు."

"కిటికీ తెరిచి ఉంటుందా?"

"దోమలని మూసేస్తాం."

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా క్రిమి గాల్లోకి వస్తుందనీ, మూసిన గదిలో గంటల తరబడి ఉండిపోతుందనీ మెల్లగా చెప్పింది. నాకు బకాసురుడు గుర్తొచ్చాడు. మా పాపకు ఆ కథే కావాలి ప్రతి రాత్రీ. బకాసురుడు బండెడన్నం చూసి గర్జించే చోట నేను నిజంగానే గర్జించి, ఆపైన దగ్గేవాణ్ణి. రాక్షసుడికి పొలమారిందని అది కిలకిలా నవ్వేది. నాలుగు నెలల దగ్గులో కంచం దాచుకున్నాను గానీ కథ ఒక్క రాత్రీ మానలేదు.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. కొడుకు, కోడలు, మా ఆవిడ, ముగ్గురి ఎక్స్‌రేలూ బాగున్నాయి. పాపకూ జబ్బు లేదు. కానీ చిన్న పిల్లలు టీబీ మనిషితో ఒకే ఇంట్లో ఉంటే, జబ్బు లేకపోయినా రాకుండా అప్పట్లో ఆరు నెలలు ఐసోనియాజిడ్ వేసేవాళ్లు. మా నాయనకు వేసిన మాత్రే. కోడలు దాన్ని చెంచాలో నలిపి నీళ్లు కలిపి పాప నోట్లో పోస్తుంటే నేను వసారాలో కూర్చుని అటు చూడలేకపోయేవాణ్ణి. కోడలు ఒక్క మాట అనలేదు. మొదటి రోజుల్లో ఆమె నా వైపు చూడనూ లేదు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

నా బరువు 47 కిలోలు, కాబట్టి రోజుకు మూడు మాత్రలు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. రెండు నెలలు అవి, అంటే 56 రోజులు. తర్వాత నాలుగు నెలలు మూడు మందుల మాత్రలు, 112 రోజులు. నేను పాత అలవాటుగా ఒక రూళ్ల పుస్తకంలో హాజరు పట్టీ గీసుకున్నాను. 168 గళ్లు. బడిలోలాగే, రాని రోజు గడిలో ఎర్ర సిరాతో సున్నా చుట్టాలని నియమం.

మాత్రలు మింగించడానికి ఊళ్లో ఆరోగ్య కార్యకర్త, ఆశా అమ్మాయి వచ్చేది. ఊళ్లో సగం మంది నా దగ్గర అఆలు దిద్దినవాళ్లే, ఈమె మాత్రం కాదు. పక్క మండలం నుంచి కోడలిగా వచ్చింది. "మీరు నాకు పాఠం చెప్పలేదు ఐవోరూ, మీరంటే నాకు భయం లేదు. నోరు తెరవండి" అనేది. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దని ముందే చెప్పింది. చెప్పినా మొదటి రోజు కంగారు పడ్డాను. పరగడుపున మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పేది, కీళ్లు పట్టేసేవి. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు బ్యాంకులో పడేది. పెన్షన్ వచ్చేవాడికి ఇదెందుకు అంటే, "గుడ్లకు" అంది.

రెండు వారాలు మాస్కు పెట్టుకుని వసారాలో పడుకున్నాను. భోజనానికి మాత్రం మా ఆవిడ నా గీత కంచాన్ని వెతికి పట్టి, మిగతా అయిదింటిలో కలిపేసింది. ఆ పూట దాంట్లో తాను తింది, నా ఎదురుగానే. "డాక్టరమ్మ చెప్పిందిగా" అంది. నాకు గొంతులో ముద్ద దిగలేదు.

మూడో నెలకు దగ్గు పూర్తిగా పోయింది. ఆకలి పుట్టింది. తిరుపతిలో చెల్లెలి మనవడి పెళ్లికి రెండు రోజులు పోయాం. జనంలో మాత్రల స్ట్రిప్పు తీయడం నామోషీ అనిపించి సంచిలోనే ఉంచాను. రెండో రాత్రి సత్రంలో పడుకుని, బాగున్నాను కదా, ఇక ఎందుకీ మందులు అనుకుంటున్నాను. ఆ మాట మా నాయన గొంతుతో వినపడింది. చెనక్కాయలు, కొట్టం, అన్నీ. లేచి లైటు వేసి మూడు మాత్రలూ మింగాను. ఇంటికొచ్చాక మొదటి రోజు గడిలో ఎర్ర సున్నా చుట్టాను. ఆశా అమ్మాయికి చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజుది చివర్న కలుపుదాం" అని పట్టీ కింద ఇంకో గడి గీసింది.

డిసెంబరులో తెమడ మళ్లీ పరీక్షించారు. క్రిమి లేదు. బరువు 54. ఆ గడి కూడా నిండాక పుస్తకం మూసేశాను.

పాప మందు నాకంటే పది రోజులు ఆలస్యంగా మొదలైంది, పైగా దానిది పూర్తిగా ఆరు నెలలు. ఇంకా మూడు వారాలుంది. అప్పటికి మేమిద్దరం పక్కపక్కన కూర్చుని వేసుకోవడం అలవాటు. ముందు నేను, తర్వాత అది. నా కోర్సు అయిపోయిన మర్నాడు చెంచా చూసి నోరు బిగించి కూర్చుంది.

"నీ మాత్ర ఏది తాతా?"

డబ్బాలో వెతికితే బీ-కాంప్లెక్స్ ఒకటి దొరికింది. వేసుకుని నీళ్లు తాగాను. అది నా గడ్డం పట్టుకుని, "నోరు తెరువు" అంది. తెరిచాను. నాలుక కింద కూడా చూసింది.