దీప్తి పరుగు గురించి ఎవరూ చెప్పలేదు

2024 సెప్టెంబర్ 3 రాత్రి హన్మకొండలో మా ఇంట్లో నేనూ మా అబ్బాయీ ఫోన్ ముందు కూర్చున్నాం. పారిస్ పారాలింపిక్స్, మహిళల 400 మీటర్లు, టీ20 విభాగం. టీ20 అంటే మావాడు క్రికెట్ అనుకున్నాడు. మేధోపరమైన లోపం ఉన్న అథ్లెట్ల విభాగమని చెప్పాను.

దీప్తి జీవాంజి మా పక్క కల్లెడ పిల్ల. 55.82 సెకన్లలో మూడో స్థానం, కంచు పతకం. ఉక్రెయిన్ అమ్మాయి 55.16, టర్కీ అమ్మాయి 55.23. ఆ ఇద్దరి మధ్య ఏడు వందో వంతుల తేడా! టెన్షన్‌తో మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు ఒక ఛానెల్ పెట్టాను. చిన్నప్పుడు ఆమెను ఊళ్లో ఏమని వెక్కిరించేవారో ఆ మాటే తెరమీద పెద్ద అక్షరాలతో వేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆ మాటని మళ్లీ లక్షల మందికి వినిపించడం అన్యాయం కాదా? అరగంట చూశాను, 55.82 అన్న అంకె ఒక్కసారీ రాలేదు. క్రికెట్‌లో ఎవరైనా 82 కొడితే స్కోరు చెప్పకుండా బాల్యం గురించి చెప్తారా?

అంతకుముందు మే నెలలో జపాన్‌లోని కోబేలో ఇదే దీప్తి 55.07తో ప్రపంచ రికార్డు పెట్టి బంగారం గెలిచింది. అప్పుడు సన్‌రైజర్స్ ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో ఉంది. మా ఇంటికొచ్చే పేపర్లో ఆ రికార్డు వార్త కోసం పేజీలన్నీ వెతికాను. లోపలి పేజీలో నాలుగు లైన్లు దొరికాయి. కత్తిరించి దాచుకున్నాను, మావాడి పుస్తకంలో ఉంది.