మన పెళ్ళి గురించి మనమే రాయాలి: కెనడా స్పాన్సర్‌షిప్ ఫైల్ వేసేవాళ్ళకి

పెళ్ళయ్యాక ఒకరు ఇక్కడ, ఒకరు కెనడాలో ఉండి, ఇక్కడున్నవాళ్ళని అక్కడికి శాశ్వతంగా తెచ్చుకోవడానికి స్పాన్సర్‌షిప్ ఫైల్ వేస్తున్నారంటే ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. మనల్ని ఎన్నడూ చూడని, మన పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయో తెలియని ఒక ఆఫీసరు మన కాగితాలు చదివి, ఇది నిజమైన కాపురమా, వీసా కోసం చేసుకున్న పెళ్ళా అని తేలుస్తారు. ఇంటర్వ్యూకి పిలిస్తే పిలుస్తారు, లేదంటే కాగితాల మీదే తేలిపోతుంది. అందుకే ఈ రాత పని ఇంకొకరి చేతిలో పెట్టకండి అని గట్టిగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది రాజాం. మా అత్తగారిది టెక్కలి దగ్గర ఒక పల్లె. మా ఆయనకి కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) ఉంది, ఒంటారియోలో ఉద్యోగం. సంబంధం తెచ్చింది మా పెద్దమ్మ. మొదట వీడియో కాల్‌లో మాట్లాడుకున్నాం, ఆయన సెలవు మీద వచ్చినప్పుడు పెళ్ళిచూపులు, నిశ్చితార్థం, అదే సెలవులో పెళ్ళి, సెలవు అయిపోగానే ఆయన ప్రయాణం. మన వైపు ఇందులో వింతేమీ లేదు. కానీ ఇదే కథ ఫారంలో మూడు లైన్లలో రాసి చూడండి. నేరుగా కలిసిన కొద్దిరోజులకే పెళ్ళి, పెళ్ళైన కొద్దిరోజులకే దూరం. తెలియనివాళ్ళకి అనుమానం రావడంలో తప్పేముంది?

విశాఖలో ఒక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కంప్యూటర్‌లోంచి ఒక రెడీమేడ్ లెటర్ తీసి చూపించారు. చూడగానే ఒకరికొకరు నచ్చేశాం, బీచ్‌లో గంటలు గంటలు కబుర్లు చెప్పుకున్నాం, ఇలా సాగింది. "ఇది పాస్ అయిన లెటర్ మేడమ్, పేర్లు, తేదీలు మార్చి పెట్టేద్దాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మేం బీచ్‌కే వెళ్ళలేదు. బయటికి వచ్చాక మా మామగారు "మన పెళ్ళి గురించి ఆళ్ళు రాసేదేటమ్మా, మనం రాసుకోలేమా" అన్నారు. ఆ రాత్రే మా ఆయనతో ఫోన్లో కూర్చుని మొదలుపెట్టాను.

డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ ఫైల్ నడపాలంటే అక్కడి లాయరో, లేదా కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజెన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్స్ ఉన్నవాళ్ళో అయి ఉండాలి. లైసెన్స్ ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఫీజు తీసుకుంటూనే "ఫారంలో మా పేరు రాయకండి" అన్నారంటే లేచి వచ్చేయండి. వాళ్ళు రాసిన అబద్ధానికి సంతకం మనది, శిక్షా మనకే. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే 5 ఏళ్ళ నిషేధం.

స్పాన్సర్ చేసే మనిషి కెనడా పౌరుడో, పీఆరో అయి ఉండాలి. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేయలేరు, వాళ్ళ భార్యాభర్తల దారి వేరు, ఆ దారి కూడా 2025 జనవరి 21 నుంచి బాగా ఇరుకైంది. పీఆర్ ఉన్నవాళ్ళు కెనడాలోనే ఉంటూ స్పాన్సర్ చేయాలి. భార్య దగ్గర ఉందామని ఇక్కడికొచ్చి నెలల తరబడి ఉండిపోతే ఫైల్‌కే ఇబ్బంది. భార్యని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలి, బ్యాంకులో ఇన్ని లక్షలు చూపించాలి అని మా చుట్టాల్లో చాలామంది భయపెట్టారు. భార్యకో భర్తకో మాత్రమే అయితే మామూలుగా కనీస ఆదాయం లెక్క లేదు. కాకపోతే అక్కడి ప్రభుత్వం దగ్గర వెల్ఫేర్ తీసుకుంటూ ఉండకూడదు, వైకల్యం వల్ల తీసుకునేది వేరే సంగతి. పీఆర్ వచ్చిన రోజు నుంచి 3 ఏళ్ళపాటు మన బాగోగులు తన బాధ్యతే అని స్పాన్సర్ రాసిచ్చే మాట మాత్రం గట్టిది, మధ్యలో విడిపోయినా అది పోదు. ఖర్చంటారా, 2024 ఏప్రిల్ 30న పెరిగినప్పటి లెక్క ప్రకారం మొత్తం 1,205 కెనడా డాలర్లు ఉండేది, బయోమెట్రిక్స్‌కి (వేలిముద్రలు, ఫొటో) ఇంకో 85.

మేం ఎక్కువ కాలం కూర్చున్నది తేదీల దగ్గర. మా ముహూర్తం రాత్రి రెండు దాటాక. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి శుభలేఖలో "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం" అని వేశారు. కల్యాణ మండపం రసీదు బుధవారం తేదీతో ఉంది. జీలకర్ర బెల్లం, తాళి కట్టిన ఫొటోల మీద గురువారం తేదీ. మ్యారేజ్ సర్టిఫికెట్‌లోనూ గురువారమే. మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా ఇది ప్రశ్న కాదు. కానీ ఆ ఆఫీసరు ముందు ఒకే పెళ్ళికి రెండు తేదీలు కనిపిస్తాయి. అందుకని ఫారాలన్నింట్లో సర్టిఫికెట్ మీదున్న తేదీనే రాసి, విడిగా అరపేజీ వివరణ పెట్టాం. హిందూ పంచాంగంలో రోజు ఎప్పుడు మొదలవుతుంది, ముహూర్తం ఎన్ని గంటలకి, ఎవరెవరు ఉన్నారు, భోజనాలు ముందురోజు రాత్రి ఎందుకు పెట్టాం అన్నీ మామూలు మాటల్లో రాసి ఇద్దరం సంతకాలు చేశాం. రాత్రి ముహూర్తం పెళ్ళైన ప్రతి జంటా ఈ అరపేజీ పెట్టాలని నా అభిప్రాయం.

తర్వాత ఊరి గొడవ. నా పాస్‌పోర్ట్‌లో పుట్టిన ఊరు రాజాం, శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. దాంతో పెళ్ళి సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో జిల్లా. పాలకొండ వైపు వాళ్ళకి పార్వతీపురం మన్యం జిల్లాతో ఇదే తంటా. పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టే రాసి, జిల్లా మారిన సంగతి ఒక్క వాక్యంలో చెప్పేశాం. ఇంటిపేర్లూ అంతే. పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, శుభలేఖలో చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి తర్వాత ఇంట్లో పిలిచే పేరు. ఈ మూడూ ఒకే మనిషివని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

తెలుగు కాగితం ప్రతిదానికీ ఇంగ్లిష్ అనువాదం కావాలి, ఆ అనువాదం మనం గానీ ఇంట్లోవాళ్ళు గానీ చేయకూడదు. శుభలేఖ సరే. చాట్‌ల దగ్గరే ఆలోచించాలి. "తిన్నావా", "పడుకున్నావా", "అమ్మకి బీపీ మాత్ర ఇచ్చావా" అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవాళ్ళం కదా మనం, అది చదివి ఆ ఆఫీసరుకి ఏం అర్థమవుతుంది? ఏమేం పెట్టాలో చెప్పే వాళ్ళ చెక్‌లిస్టులో పేజీలకి పరిమితి కూడా ఉంటుంది. కట్టలు కట్టలు పెట్టకుండా వేర్వేరు నెలలవి కొన్ని తీసుకున్నాం. మా అత్తగారు శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన రాత్రంతా మేలుకుని పెట్టిన మెసేజ్‌లు, నేను పంపిన రిపోర్టుల ఫొటోలు, అదే వారం ఆయన నా ఖాతాకి పంపిన డబ్బు వివరం పక్కపక్కన పెట్టాం. నా దృష్టిలో మా ఫైల్ మొత్తంలో బలమైనది అదే. పెళ్ళి ఫొటోల్లో అందరూ పట్టుచీరల్లోనే ఉంటారు, ఇద్దరూ ఒక ఇంటి మనుషులని చెప్పేది మాత్రం ఇలాంటి వారమే.

ఫొటోల కింద ఎవరు ఎవరో రాయండి. "కన్యాదానంలో అమ్మాయి తండ్రి పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతున్నారు" అని రాస్తే ఆ మనిషి ఎవరో, ఎందుకు కడుగుతున్నారో తెలుస్తుంది. మేనరికం అయితే దాచకండి. బావామరదళ్ళ పెళ్ళి కెనడా చట్టం ప్రకారం చెల్లుతుంది, దాచినట్టు కనబడితేనే చిక్కు. ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉండి ఫోన్లోనో వీడియోలోనో చేసుకున్న పెళ్ళిని మాత్రం 2015 జూన్ నుంచి ఒప్పుకోవడం లేదు.

ఇంకొకటి, ఇది చదివి ఒక్క కుటుంబం జాగ్రత్తపడినా చాలు. పీఆర్‌కి అప్లై చేసినప్పుడు అబ్బాయి పెళ్ళికానివాడు. ఫైల్ నడుస్తుండగా సంబంధం కుదురుతుంది, పెళ్ళైపోతుంది. ఇప్పుడు చెబితే పీఆర్ ఆలస్యమవుతుందని చెప్పకుండానే కెనడాలో దిగిపోతారు. అలా పీఆర్ వచ్చే నాటికే ఉండి, చెప్పని భార్యని తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యుల్ని తెచ్చుకునే విభాగంలో) స్పాన్సర్ చేయడానికి వీల్లేదని అక్కడి నిబంధన 117(9)(డి) చెబుతుంది. 2019లో కొందరికి సడలింపు ఇవ్వడం మొదలుపెట్టారు, దాన్ని నమ్ముకుని మాత్రం దాచొద్దు. "ముందు రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు చేసేద్దాం, ముహూర్తం తర్వాత చూద్దాం" అనే పెద్దలకి కూడా ఇది చెప్పండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద సంతకాలు చేశారంటే ఆ రోజే పెళ్ళి అయిపోయినట్టు, బాజాలు మోగకపోయినా సరే.

మిగతావి నడిచిపోతాయి. పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ ఆఫీసులో అప్లై చేశాం, మా స్టేషన్ నుంచి కానిస్టేబుల్ గారు ఇంటికొచ్చి వెళ్ళారు. బయోమెట్రిక్స్ హైదరాబాద్‌లో ఇచ్చాను. మెడికల్ మనకి నచ్చిన డాక్టరు దగ్గర కుదరదు, కెనడా ఇమిగ్రేషన్ వాళ్ళ జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరే చేయించాలి. ఈలోగా విజిటర్ వీసాకి అప్లై చేయొచ్చా అంటే చేయొచ్చు, పీఆర్ ఆశ ఉన్నా తాత్కాలికంగా వెళ్ళి రావచ్చని వాళ్ళ చట్టంలోనే ఉంది, కానీ గడువు అయ్యాక తిరిగొస్తామని ఆఫీసరుకి నమ్మకం కలగాలి. ఒకవేళ ఫైల్ తిరస్కరించినా, బయట దేశం నుంచి వేసిన ఫైల్ అయితే స్పాన్సర్‌కి అప్పీలు హక్కుంటుంది, గడువు 30 రోజులు. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఏడుస్తూ కూర్చోకుండా తేదీ రాసి పెట్టుకోవాలి.

ఎదురుచూపు సంగతి చెప్పకుండా ఉండలేను. మొదటి సంక్రాంతికి అల్లుడు లేడని మా అమ్మ కనుమ నాడు సరిగ్గా అన్నం తినలేదు. వీధిలో ఎవరు కనిపించినా "కాగితాలు రానేదేటమ్మా ఇంకా" అని అడుగుతారు, మంచి మనసుతోనే అడుగుతారు, కానీ ఆ రోజంతా టెన్షన్. మేం చేసింది ఒకటే. రోజూ పొద్దున్న ఏడింటికి, ఆయనకి అక్కడ ముందురోజు రాత్రి, ఫైల్ మాట ఎత్తకుండా మాట్లాడుకుంటాం. ఫైల్ గురించి ఆదివారం మాత్రమే. దీనివల్ల మా ఇద్దరి మధ్య చిరాకులు నిజంగా తగ్గాయి.

ఫైల్ వేసేసినంత మాత్రాన రుజువులు ఆపేయకండి. పండగ ఫొటోలు, డబ్బు పంపిన వివరాలు దాస్తూ ఉండండి, ముఖ్యమైనవి కెనడా ఇమిగ్రేషన్ వాళ్ళ వెబ్‌ఫారంలో తర్వాత కూడా పంపొచ్చు. వచ్చే నెల ఆయన రెండు వారాలకి వస్తున్నారు, బోర్డింగ్ పాసులు పారేయొద్దని ఇప్పటికే చెప్పాను.